వ్యవసాయ శాఖతో పని పడితే ఎవర్ని, ఎప్పుడు, ఏ కాగితంతో కలవాలి: మన శ్రీకాకుళం, విజయనగరం రైతుల ఇళ్ల పిల్లల కోసం

మా నాన్నకి చాలా ఏళ్లు వ్యవసాయ శాఖంటే ఒకే ఒక మనిషి, ఏవో గారు, అంటే మండల వ్యవసాయాధికారి. విత్తనాలు రాకపోయినా ఏవో గారే, మోటారుకి కరెంటు లేకపోయినా ఏవో గారే, గెడ్డ గట్టు తెగి మడిలో ఇసక మేట వేసినా ఆయనే. "ఓసారి ఏవో గారికి సెప్పీసి రారా" అని నన్ను పంపేవాడు. నేను నరసన్నపేట బస్సెక్కి వెళ్లి, అరపూట బెంచీ మీద కూచుని, "ఇది మా శాఖ కాదు బాబూ" అనిపించుకుని వచ్చేవాణ్ణి. వైజాగ్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు ఊరొచ్చి ఈ కాగితాల పని చూసేవాళ్లు మన వైపు ఇంటికొకరు ఉన్నారు. అందుకే ఇన్నేళ్లు తిరిగి తిరిగి నేర్చుకున్నది రాసేస్తున్నాను, మీకైనా నాలుగు బస్సు టికెట్లు మిగులుతాయి.

ముందు ఏ పని ఎవరిదో తేల్చుకోండి, సగం తిరుగుడు ఇక్కడే పోతుంది. వరి, మొక్కజొన్న, చోడి (రాగి), మినుము, పెసర, నువ్వు, వేరుశనగ, చెరకు, గోగు లాంటివి వ్యవసాయ శాఖ చూస్తుంది. జీడి, కొబ్బరి, మామిడి, అరటి, ఆయిల్ పామ్, కూరగాయలు ఉద్యాన శాఖవి, దానికి అధికారులు వేరు, జాబితాలు వేరు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానంలో జీడి, కొబ్బరి చెట్లని కూల్చేసి వెళ్లాక చాలామందికి ఈ తేడా మొదటిసారి తెలిసింది. పాస్‌బుక్కు, 1బీ (భూమి ఎవరి పేరు మీదుందో చెప్పే కాగితం), అడంగల్ (సాగు రికార్డు), సర్వే తప్పులు రెవెన్యూ వాళ్లవి, అంటే వీఆర్వో, తహసీల్దార్. వంశధార, నాగావళి, తోటపల్లి కాలువల్లో నీరు రాకపోతే జలవనరుల శాఖ. మోటారు కనెక్షన్ కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌ది. ఆవు ఈనలేకపోతే పశువుల డాక్టరు. డ్రిప్పు, స్ప్రింక్లర్లకి సూక్ష్మ సాగునీటి ప్రాజెక్టు వాళ్లు ఉన్నారు. ధాన్యం కొనేది పౌరసరఫరాల సంస్థ, ఊళ్లో ఆ పని చూసేది మాత్రం రైతు సేవా కేంద్రం వాళ్లే కాబట్టి అదీ వ్యవసాయ శాఖే అనుకుంటాం.

ఇక శాఖలో మెట్లు. రాజ్యాంగం ప్రకారం వ్యవసాయం రాష్ట్రాల జాబితాలోది. ఢిల్లీ డబ్బుతో నడిచే పథకమైనా ఊళ్లో అమలు చేసేది రాష్ట్ర శాఖే. పైన మంత్రి, ఆ కింద వ్యవసాయ కమిషనర్, జిల్లాకి ఒక జిల్లా వ్యవసాయాధికారి. పాత పేరు జాయింట్ డైరెక్టర్ కాబట్టి ఇప్పటికీ అందరూ జేడీ గారు అనే అంటారు, మీరూ అలాగే అనండి, ఎవరూ ఏమీ అనుకోరు. కొన్ని మండలాలకి కలిపి ఒక ఏడీ, అంటే సహాయ సంచాలకులు. మండలానికి ఏవో. ఊళ్లో రైతు సేవా కేంద్రం, అందులో గ్రామ వ్యవసాయ సహాయకులు. ఈ కేంద్రాలు 2020 మేలో రైతు భరోసా కేంద్రాలుగా మొదలయ్యాయి, ప్రభుత్వం మారాక పేరు మారింది. మా ఊళ్లో ముసలోళ్లు ఇప్పటికీ ఆర్బీకే అంటేనే దారి చూపిస్తారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వెళ్లాయి, పాలకొండ వైపు పార్వతీపురం మన్యంలో కలిసింది. మా అప్ప అత్తారిల్లు సంతకవిటి పక్క పల్లె. అలవాటు కొద్దీ మా బావ అర్జీ పట్టుకుని శ్రీకాకుళం వెళ్తే, విజయనగరం పొమ్మని తిప్పి పంపారట. పాత కాగితాల్లో జిల్లా పేరు శ్రీకాకుళం అని ఉన్నా, కొత్తగా రాసే అర్జీలో ఇప్పటి జిల్లా పేరే రాయండి.

ఇప్పుడు అసలు విషయం. ఈ శాఖలో మీకు అన్నిటికంటే ముఖ్యమైన పని ఒక్కటే, ఈ-పంటలో, అంటే ప్రభుత్వం ఆన్‌లైన్లో పెట్టుకునే పంట నమోదులో, మీ పంట సరిగ్గా ఎక్కించుకోవడం. విత్తనాల దగ్గర్నుంచి తుఫాను పరిహారం దాకా, బీమా దాకా, కొనుగోలు కేంద్రంలో ధాన్యం అమ్ముకోవడం దాకా అన్నీ దాని మీదే వేలాడుతున్నాయి. వ్యవసాయ మంత్రి అచ్చెన్నాయుడు గారు మన టెక్కలి ఎమ్మెల్యేనే, అయినా మీ మడిలో ఏం పండించారో సెల్‌ఫోన్లో ఎక్కించేది మీ ఊరి సహాయకుడే కాబట్టి, ఆ మనిషి ఫోన్ నంబరు ముందు మీ దగ్గరుండాలి.

ఎలా జరుగుతుందో చెప్తాను. సహాయకుడు పొలానికి వచ్చి సర్వే నంబరు వారీగా ఏ పంట, ఏ రకం, ఎప్పుడు వేశారు, ఎంత విస్తీర్ణం, నీటి వసతేంటి అని ఎక్కిస్తాడు, లొకేషన్ పడేలా పొలంలో ఫొటో తీస్తాడు. తర్వాత రైతు ఈకేవైసీ చెయ్యాలి, అంటే వేలిముద్ర. రెవెన్యూ వైపు నుంచి వీఆర్వో కూడా ఆమోదిస్తారు. ఆపైన ముసాయిదా జాబితా కేంద్రం దగ్గర అంటిస్తారు, తప్పులుంటే చెప్పుకోడానికి కొన్ని రోజులు గడువిస్తారు, ఆ తర్వాతది తుది జాబితా. ఇందులో రైతు చెయ్యాల్సినవి మూడే: పొలంలో ఉండటం, వేలిముద్ర వెయ్యడం, జాబితా చూసుకోవడం. మూడోది ఎవరూ చెయ్యరు. నేనూ చెయ్యలేదు.

మా కథ ఇది. తాత పేరు మీద ఉన్న ఎకరా నలభై సెంట్లు మా నాన్న, చిన్నాన్న చెరిసగం దున్నుకుంటారు. నోటి మాట పంపకం, ముప్పై ఏళ్లుగా గట్టు కూడా కదల్లేదు. ఒక ఏడాది ఎక్కించే రోజున నాన్న పెళ్లికి వెళ్లాడు, పొలంలో చిన్నాన్న ఉన్నాడు, మొత్తం ఆయన పేరు మీదే ఎక్కిపోయింది. జాబితా గోడకి అంటించి ఉంది, నేను ఆ గోడ పక్కనే బండి ఆపి టీ తాగాను, తలెత్తి చూళ్లేదు. వానలకి పంట పడిపోయాక పరిహారం వస్తే మొత్తం చిన్నాన్న ఖాతాలో పడింది. మంచివాడు కాబట్టి సగం తెచ్చి ఇచ్చేశాడు, ఇవ్వకపోతే నేను ఏ ఆఫీసుకి వెళ్లి ఏమని చెప్పుకునేవాణ్ణి, రికార్డులో నాన్న వరి వెయ్యనే లేదు కదా! మర్నాటి నుంచి నేను చేసిన మొదటి పని అన్నదమ్ముల వాటాలు రాయించుకుని మ్యుటేషన్‌కి, అంటే రికార్డులో పేరు మార్పుకి, పెట్టడం. మీ తాత పేరు ఇంకా 1బీలో ఉంటే ముందు అది చూడండి, వ్యవసాయ శాఖ తర్వాత.

రీసర్వే అయిన ఊళ్లలో ఇంకో మెలిక ఉంది. అక్కడ పాత సర్వే నంబర్ల బదులు ఎల్‌పీఎం నంబర్లు, అంటే కొత్త భూమి పటం నంబర్లు, వచ్చాయి, కొన్ని చోట్ల ఇద్దరు ముగ్గురికి కలిపి ఒకే నంబరు పడింది. మీరు పాత పాస్‌బుక్కు చూపించి పాత నంబరు చెప్తే ఆ సహాయకుడు ఫోన్లో వెతుకుతూనే ఉంటాడు. కొత్త నంబరు ఒక చీటీ మీద రాసి నాన్న జేబులో పెట్టండి, ఫోన్లో కాదు, జేబులోనే.

ఎప్పుడు ఎక్కించుకోవాలి అంటే, మన వైపు ఎద చల్లేవాళ్లు ముందే ఉంటారు, ఉభాలు (నాట్లు) చేసేవాళ్లకి ఆగస్టు దాటినా అవ్వదు, కాలువ చివరి భూములైతే ఇంకా ఆలస్యం. నారుమడి దశలో ఎక్కించుకోవడం కాదు, ప్రధాన పొలంలో పంట నిలబడ్డాక ఎక్కాలి. గడువు ప్రతి సీజనుకీ మారుతుంది, ఒక్కోసారి పొడిగిస్తారు, దాని మీద ఆశ పెట్టుకోకండి. వరి కోశాక చల్లే పెసర, మినుము రబీ పంట కింద మళ్లీ విడిగా ఎక్కించుకోవాలి, మన జిల్లాల్లో ఎక్కువమంది మర్చిపోయేది ఇదే. గరువు భూమిలో వేసిన చోడి, గట్టున వేసిన కంది సంగతీ అంతే, అడిగితే గాని ఎవరూ రాయరు.

కౌలు రైతుల విషయం కొంచెం సున్నితం. మన దగ్గర భూమి ఉన్నవాళ్లు హైదరాబాదులోనో చెన్నైలోనో ఉంటారు, దున్నేవాడు ఊళ్లో ఉంటాడు, మధ్యలో కాగితం ఉండదు. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద పదకొండు నెలలకి సీసీఆర్సీ కార్డు, అంటే కౌలుదారు పంట హక్కు పత్రం, ఇస్తారు, దానికి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందని యజమానులకి భయం. ఆ కార్డు పంట మీద మాత్రమే హక్కు ఇస్తుంది, భూమి మీద ఏ హక్కూ ఇవ్వదని చట్టంలోనే ఉంది, ఈ మాట ఫోన్లో కాకుండా పండక్కి వాళ్లు ఊరొచ్చినప్పుడు వీఆర్వో ముందు కూచోబెట్టి చెప్పిస్తే పని అవుతుంది. కార్డు లేని కౌలుదారుడికి పంట రుణం, బీమా, పరిహారం అన్నిట్లోనూ తిప్పలే. ఆ పదకొండు నెలలు దాటగానే మళ్లీ కొత్త కార్డు తీసుకోవాలన్నది గుర్తుంచుకోండి.

విత్తనాల సంగతికొద్దాం. సబ్సిడీ విత్తనాలు ఏపీ సీడ్స్ నుంచి రైతు సేవా కేంద్రానికి వస్తాయి. ముందు పేరు నమోదు చేసుకుని సబ్సిడీ పోను మిగతా డబ్బు కట్టాలి. లోడు వచ్చాక వెళ్తే మీకు కావలసిన రకం ఉండదు. రకం విషయంలో నాన్నలతో వాదించకండి, గెలవలేం. మా ఇంట్లో ఇరవై ఏళ్లు స్వర్ణ తప్ప వేరేది మడిలో అడుగుపెట్టలేదు. ఇప్పుడు 1064, 1121, మన రాగోలు పరిశోధన స్థానం ఇచ్చిన శ్రీకాకుళం సన్నాలు కూడా వేస్తున్నాం. చోడి వేసేవాళ్లు విజయనగరం పరిశోధన స్థానం నుంచి వచ్చిన రకాల గురించి అడగండి, శ్రీ చైతన్య, వేగవతి, హిమ అక్కడివే. ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం, నైర వ్యవసాయ కళాశాల, ఈ పరిశోధన స్థానాలు శాఖవి కావు, రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానివి. పురుగు, తెగులు, రకం లాంటి సలహా కావాలంటే నేరుగా అక్కడికే వెళ్లొచ్చు, సబ్సిడీ గురించి మాత్రం అక్కడ అడక్కండి.

బయట కొన్న విత్తనమైతే సంచికి కుట్టిన ట్యాగు చూడండి. నీలం ట్యాగు ధ్రువీకరించిన విత్తనం, ఆకుపచ్చది కంపెనీ సొంత పూచీతో అమ్మేది. బిల్లు, సంచి, ట్యాగు, ఒక గుప్పెడు విత్తనం పంట కోతకొచ్చేదాకా దాచండి. మొలక రాలేదని ఏవో దగ్గరికి వెళ్తే ఆయన మొదట అడిగేది ఇవే, అవి లేకపోతే ఆయన చేతిలో కూడా ఏమీ ఉండదు. చల్లే ముందు వంద గింజలు తడిగుడ్డలో చుట్టి మొలక చూసుకోవడం మా అమ్మ చేసేది, వరికి కనీసం 80 మొలవాలి.

ఎరువుల దుకాణంలో జరిగే పేచీల్లో శాఖకి ఉన్న బలం చాలామందికి తెలీదు. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు, 1968 నాటి పురుగుమందుల చట్టం, 1966 నాటి విత్తన చట్టం కింద ఏవో ఒక ఇన్‌స్పెక్టరు కూడా. దుకాణంలోకి వెళ్లి స్టాకు చూడొచ్చు, నమూనా తీసి ల్యాబుకి పంపొచ్చు, అమ్మకం ఆపించొచ్చు. యూరియా బస్తా 45 కిలోలు, గరిష్ఠ ధర 266 రూపాయల 50 పైసలు, బస్తా మీదే అచ్చేసి ఉంటుంది. పాస్ మిషన్లో వేలిముద్ర వేశాక వచ్చే బిల్లు అడిగి తీసుకోండి. 2025 ఆగస్టు, సెప్టెంబరుల్లో యూరియా కోసం లైన్లు కట్టినప్పుడు మా మండలంలోనూ "ఈ ప్యాకెట్ కూడా తీసుకుంటేనే యూరియా" అన్న దుకాణాలున్నాయి. అలా అంటగట్టడం తప్పు. వాదించి గొడవ పడొద్దు, బిల్లు తీసుకుని, దుకాణం ముందున్న ధరల బోర్డు ఫొటో తీసి ఏవోకి రాసి ఇవ్వండి. ఫోన్లో చెప్తే ఆయన దుకాణదారుడికి ఫోన్లో చెప్తాడు, రాసి ఇస్తే వెళ్లి చూడక తప్పదు.

మట్టి పరీక్ష గురించి రెండు ముక్కలు. వేసవిలో పొలం ఖాళీగా ఉన్నప్పుడు, గత్తం (పశువుల ఎరువు) తోలకముందు మట్టి తియ్యాలి. గట్ల పక్కన, చెట్ల కింద, పెంటకుప్ప ఉన్న చోట వదిలేసి ఎనిమిది పది చోట్ల వి ఆకారంలో ఆరంగుళాల లోతు గుంత తీసి, పక్క నుంచి పైనుంచి కిందికి పలచగా చెక్కిన మట్టి కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు పారేస్తూ అరకిలో మిగిలేదాకా తగ్గించాలి. కార్డులో పన్నెండు అంశాలొస్తాయి. వరి రైతు ముందు జింకు, సేంద్రియ కర్బనం చూసుకుంటే చాలు. జింకు తక్కువుంటే ఎకరాకి 20 కిలోల జింక్ సల్ఫేటు ఆఖరి దమ్ములో వెయ్యమంటారు, డీఏపీతో కలిపి చల్లేస్తే దండగ.

ఇక తుఫాను. మనది తుఫాన్ల జిల్లా, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, పేరు పెట్టని వాయుగుండాలు ఎన్నో. పంట పోయినప్పుడు రావాల్సినవి రెండు, అవి రెండూ వేరువేరు. ఈ ముక్క అర్థం కాకే కేంద్రాల దగ్గర సగం గొడవలు.

మొదటిది పెట్టుబడి రాయితీ, ఇన్‌పుట్ సబ్సిడీ అంటారు. విపత్తు నిధి నుంచి ప్రభుత్వం ఇస్తుంది, ప్రీమియం ఏమీ ఉండదు, 33 శాతం గాని అంతకు మించి గాని పంట పోయి ఉండాలి. వ్యవసాయ, రెవెన్యూ సిబ్బంది కలిసి పొలాలు చూసి రాస్తారు. మీరు చెయ్యాల్సిందల్లా నీరు పొలంలో ఉండగానే ఫొటోలు తియ్యడం, ఫొటోలో పక్క గుర్తు ఏదైనా పడాలి, తాటిచెట్టో, బోరు షెడ్డో, ఒట్టి నీళ్లు తీస్తే ఎవరి పొలమో ఎవరికి తెలుస్తుంది. బృందం వచ్చే రోజు ఎవరో ఒకరు అక్కడుండాలి. జాబితా మళ్లీ గోడ మీద పెడతారు, ఈసారి చూడండి.

రెండోది పంటల బీమా. కొన్నేళ్లు రాష్ట్ర ప్రభుత్వమే మొత్తం ప్రీమియం కట్టింది, 2024-25 రబీ నుంచి రైతు వాటా మళ్లీ రైతే కట్టాలి. ఫసల్ బీమా కింద ఖరీఫ్ ఆహార పంటలకి బీమా మొత్తంలో రైతు వాటా 2 శాతం దాటదు, రబీకి ఒకటిన్నర, వాణిజ్య, ఉద్యాన పంటలకి 5 శాతం. బ్యాంకులో పంట రుణం ఉంటే అక్కడే కోసుకున్నారా లేదా అడగండి, లేనివాళ్లు సొంతంగా కట్టుకోవాలి. "అప్పట్లో ఉచితంగా వచ్చీది కదా" అని మా నాన్న మొదటి ఏడాది కట్టలేదు.

బీమాలో జనానికి కోపం తెప్పించే సంగతి, వరి లాంటి ప్రధాన పంటకి లెక్క ఊరు మొత్తానిది, మీ ఒక్క మడిది కాదు. ఊళ్లో లాటరీలా ఎంపిక చేసిన పొలాల్లో ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు చోటు కొలిచి, కోసి, నూర్చి, తూకం వేసి సగటు దిగుబడి కడతారు. అది గత ఏళ్ల లెక్క నుంచి తీసిన హామీ దిగుబడి కంటే తగ్గితేనే ఊరందరికీ వస్తుంది. మీది పోయి ఊరంతా బాగా పండితే రాదు, మీది పండి ఊరు పోతే వస్తుంది. అన్యాయం అనిపిస్తుంది, నాకూ అనిపించింది. కాకపోతే కోత ప్రయోగం మీ ఊళ్లో ఎవరి పొలంలో ఏ రోజో అడిగి తెలుసుకుని, ఆ రోజు నలుగురు వెళ్లి నిలబడొచ్చు. తూకం కళ్లముందు జరిగితే తర్వాత అనుమానాలు తక్కువ.

కోసి పనల మీద ఆరబెట్టిన వరి తుఫానుకి తడిసిపోవడం మన నవంబరు, డిసెంబరు గోల. కోత తర్వాత పధ్నాలుగు రోజుల లోపు అలా పోతే ఒక్కో రైతుకి విడిగా లెక్కగట్టే వీలు ఫసల్ బీమాలో ఉంది, కానీ 72 గంటల్లో చెప్పాలి. 14447కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి, అదే రోజు కేంద్రంలో కూడా చెప్పండి. ఆ సీజను నోటిఫికేషన్‌లో మీ పంటకి ఏవేవి వర్తిస్తాయో ప్రీమియం కట్టేటప్పుడే అడగండి. కుప్పలు వేసేశాక కాలిపోయినా, తడిసినా లెక్క వేరు.

ధాన్యం అమ్మకం త్వరగా చెప్పేస్తాను. 2025-26కి మద్దతు ధర క్వింటాలుకి సాధారణ రకం 2369, గ్రేడ్ ఏ 2389 రూపాయలు, తేమ 17 శాతం దాటకూడదు. గోనెసంచుల కోసం, లారీ కోసం ముందే పేరు ఇవ్వాలి. కల్లంలో తేమ ఎంత చూపించారో, మిల్లు దగ్గర ఎంత చూపించారో రెండూ రాసుకోండి, అక్కడ తేడా వచ్చి కోత పెడితే కాగితం చేతిలో ఉన్నవాడి మాటే చెల్లుతుంది.

డబ్బు పథకాలకి ఎక్కువ సమయం పెట్టను, అందరికీ తెలిసినవే. పీఎం కిసాన్ ఏడాదికి 6000, అన్నదాత సుఖీభవ కింద రాష్ట్రం ఇచ్చేది 14000, మొదటి విడత 2025 ఆగస్టు 2న మొదలైంది. భూమి లేని కౌలుదారులకి పీఎం కిసాన్ రాదు. డబ్బు రాలేదంటే చూడాల్సినవి: ఈకేవైసీ అయిందా, ఆధార్ ఏ బ్యాంకు ఖాతాకి ముడిపడి ఉంది. మా అత్త డబ్బు ఏడాదిపాటు రాలేదనుకున్నాం, డ్వాక్రా కోసం తెరిచిన ఇంకో ఖాతాలో పడుతూనే ఉంది. రైతు గుర్తింపు సంఖ్య కోసం ఫార్మర్ రిజిస్ట్రీ కూడా కేంద్రంలోనే చేస్తారు, ఆధార్, పాస్‌బుక్కు, ఆధార్‌కి లింకైన ఫోను పట్టుకెళ్లండి. సందేహాలకి 155251, పంట సలహాలకి కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551. వాట్సాప్‌లో పీఎం కిసాన్ పేరుతో ఏదైనా యాప్ ఫైలు వస్తే ముట్టుకోవద్దని నాన్నకి పదిసార్లు చెప్పండి, ఖాతాలు ఖాళీ అయినవాళ్లు ఉన్నారు.

ఆఫీసుకి ఎప్పుడు వెళ్లాలి? సోమవారం అధికారులు ఎక్కువగా ఫిర్యాదుల కార్యక్రమంలో ఉంటారు. 2024 సెప్టెంబరు నుంచి మంగళ, బుధవారాలు పొలం పిలుస్తోంది కార్యక్రమం పెట్టారు, ఏవో ఊళ్లు తిరుగుతుంటారు. మీ ఊరి వంతు ఎప్పుడో తెలుసుకుంటే ఆఫీసుకి వెళ్లే పనే లేదు, గట్టు మీదే మాట్లాడొచ్చు, తెగులు చూపించొచ్చు. నా అనుభవంలో పొలంలో కలిసిన అధికారి ఆఫీసులో కలిసిన అధికారి కంటే ఎక్కువ వింటారు. సహాయకుల మీద విసుక్కోకండి. వాళ్లలో చాలామంది మన పిల్లల వయసువాళ్లు, బీఎస్సీ అగ్రికల్చర్, డిప్లొమా చదివి వచ్చినవాళ్లు, ఒక్కొక్కరు రెండు మూడు ఊళ్లు చూస్తూ, సిగ్నల్ లేని యాప్‌తో కుస్తీ పడుతుంటారు. "అమ్మా, ఈ నంబరు ఓసారి చూడమ్మా" అంటే అయ్యే పని గొంతు పెంచితే రేపటికి పోతుంది.

మాటతో కాకపోతే అర్జీ. పొడుగ్గా కష్టాలు రాయకండి, ఒకే విషయం, ఒకే కోరిక. ఇలా రాస్తే చాలు: "మండల వ్యవసాయాధికారి గారికి. నేను ఫలానా గ్రామ రైతుని. సర్వే నంబరు ఇంత, విస్తీర్ణం ఇంత. ఈ ఖరీఫ్‌లో వరి వేశాను, ఈ-పంట ముసాయిదా జాబితాలో ఖాళీ భూమి అని ఉంది. ఫలానా తేదీన పొలంలో తీసిన ఫొటో జతపరిచాను. పొలం పరిశీలించి సరిచేయగలరు." కింద తేదీ, సంతకం, ఫోను. రెండు కాపీలు తీసి, ఒక దాని మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వెయ్యడానికి తటపటాయిస్తే స్పీడ్ పోస్టులో పంపండి.

రెండు వారాలు చూసి, ఏడీ గారికి అదే అర్జీ, మొదటి కాపీ జత చేసి ఇవ్వండి. ఆపైన సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక, లేదంటే 1100కి ఫోను. అక్కడ ఇచ్చిన ప్రతి అర్జీకీ నంబరు పడుతుంది, ఆ నంబరుతో మళ్లీ కింది ఆఫీసుకే వస్తుంది. కాబట్టి మొదటి మెట్టు ఎక్కకుండా కలెక్టరు దగ్గరికి పరుగెత్తితే తిరిగి ఏవో బల్ల మీదికే చేరుతుంది, వారం పోయిందంతే. కాగితం ఎక్కడ ఆగిందో తెలియకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండలానికి 5 రూపాయలు, ఆపైన 10. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. "నాకెందుకు రాలేదు" అని అడక్కండి, "మా గ్రామ నష్టపరిహార జాబితా, అభ్యంతరాల రిజిస్టరు నకలు ఇవ్వండి" అని అడగండి. రికార్డు అడిగితే ఇస్తారు, కారణం అడిగితే కథ చెప్తారు.

ఇవన్నీ పెట్టుకోడానికి మా ఇంట్లో ఒక ఎల్ఐసీ వాళ్లిచ్చిన జిప్పు సంచి ఉంది. పాస్‌బుక్కు నకలు, 1బీ, ఆధార్, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ, విత్తనం బిల్లులు, ముద్ర పడిన అర్జీలు అందులోనే. చూరుకి వేలాడదీస్తాం, ఎలకలకి అందకుండా. మొన్న ఆదివారం వెళ్లినప్పుడు ఈసారి గోడ మీది జాబితా ముందు నిలబడి వేలు పెట్టి చదివాను. నాన్న పేరుంది, విస్తీర్ణం సరిగ్గానే ఉంది, రకం దగ్గర మాత్రం 1121 బదులు 1064 అని పడింది. అభ్యంతరాలకి గురువారం దాకా టైముంది, నేను వైజాగ్ వచ్చేశాను కాబట్టి బుధవారం ఏవో గారు పక్క ఊరు వస్తారని తెలిసి నాన్ననే సంచి పట్టుకుని వెళ్లమన్నాను. "నానేటి సెప్పాలిరా అక్కడ?" అని అడుగుతున్నాడు, అర్జీ రాసి ఫొటో పంపాను, పక్కింటి కుర్రాడు కాగితం మీదికి ఎక్కిస్తానన్నాడు.